ముందు చక్రం బ్రేకు వేయడం వచ్చాకే ఆఫీసుకు బండి తీయండి

"కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆఫీసు ఇంటికి 18 కిలోమీటర్లు. రోజూ బైక్ మీద వెళ్లి రావచ్చా? నాన్న బస్సులోనే వెళ్లమంటున్నారు" అని మీరు అడిగారు.

వెళ్లొచ్చు. నేను 14 ఏళ్లుగా వెళ్తున్నాను. నా మొదటి ఆఫీసు 11 కిలోమీటర్లు, ఇప్పటిది 19. మైలేజీ ఎంత వస్తుంది, నడుము నొప్పి పుడుతుందా, ఏ బండి కొనాలి అన్నవాటికి జవాబులు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీకు ముందు బ్రేకు, అంటే కుడిచేత్తో పట్టే ముందు చక్రం బ్రేకు, వేయడం వచ్చా?

వచ్చనే అంటారు. పదకొండేళ్ల కిందట అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి.

నాకు బండి నేర్పింది మా బాబాయి. ఖాళీ స్థలంలో బండి ఎక్కించి, క్లచ్ గురించి కూడా చెప్పకముందే ఆయన అన్న మొదటి మాట ఇది: "ఒరేయ్, ఆ కుడిచేతి బ్రేకు జోలికి పోకు. పట్టుకున్నావంటే బండి నిన్ను ఎత్తి అవతల పడేస్తుంది. కాలి బ్రేకునే నమ్ముకో." ఆయన ఊరికే అన్న మాట కాదది. కుర్రతనంలో ఇసుక మీద మలుపు తిరుగుతూ ముందు బ్రేకు గట్టిగా పట్టేసి పడ్డాడు. మోకాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయన భయం నాకు వచ్చింది. మీకు నేర్పినవాళ్లు కూడా ఇంచుమించు ఇదే చెప్పి ఉంటారని నా గట్టి నమ్మకం. ఎవరిని అడిగినా ఇదే మాట వింటున్నాను.

ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. చాలా రోజులు ఎండకాసిన తర్వాత పడిన మొదటి చినుకులు అవి. రోడ్డు పూర్తిగా తడవలేదు, నల్లగా మెరుస్తోంది అంతే. అలాంటి రోడ్డే అన్నిటికంటే చెడ్డదని అప్పటికి నాకు తెలియదు. రోజుల తరబడి పేరుకున్న ఆయిలు, దుమ్ము మొదటి చినుకులకు పైకి తేలి జారుడుగా తయారవుతాయి. గంటసేపు గట్టిగా కురిస్తే అదంతా కొట్టుకుపోతుంది. నేను బయల్దేరింది సరిగ్గా ఆ గంట మొదట్లో. టైము తొమ్మిదీ పది. తొమ్మిదిన్నరకు సీట్లో ఉండాలి. వేగంగా వెళ్తున్నానని ఎవరూ అనలేరు, స్పీడోమీటరు 45 దాటలేదు.

పక్క వీధిలోంచి ఒక కారు ముక్కు బయటపెట్టింది. ఆయన నావైపు తల తిప్పి చూశాడు. చూశాడు కదా, ఆగుతాడు అనుకున్నాను. ఆగలేదు. సగం రోడ్డు మీదకు వచ్చాక నన్ను చూసి, ముందుకూ పోలేక వెనక్కీ పోలేక అక్కడే ఆపేశాడు. నా ముందు దారి మూసుకుపోయింది.

కాలి బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. వెనక చక్రం తిరగడం ఆగిపోయి, జర్రుమని ఈడ్చుకుపోతున్న చప్పుడు వినిపించింది. బండి తోక పక్కకు తిరగడం మొదలైంది. కాలు తీయలేదు, ఇంకా గట్టిగా తొక్కాను. ఆ క్షణంలో నా కుడిచెయ్యి ఏం చేస్తోందో నాకు ఈరోజుకీ స్పష్టంగా గుర్తుంది. నాలుగు వేళ్లూ ఎక్సలరేటర్ పిడిని బిగించి పట్టుకున్నాయి. వేలికి అందేంత దూరంలో బ్రేకు లివరు ఉంది. ఒక్క వేలు కూడా దానిమీదకు వెళ్లలేదు.

బండి పక్కకు పడి, నన్ను ఈడ్చుకుంటూ వెళ్లి కారు ముందు చక్రానికి కొట్టుకుంది. నా భుజం రోడ్డుకు తగిలింది. కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ గడ్డం దగ్గర అరచేతి మందాన గీసుకుపోయింది. ఆ గీత పడాల్సింది నా దవడ మీద. కారాయన దిగి వచ్చాడు, చేతులు వణుకుతున్నాయి. "నేను చూడలేదండీ, నిజంగా చూడలేదు" అని అదే మాట నాలుగైదుసార్లు అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. నావైపే చూసి, చూడలేదంటాడేమిటి అని. ఇప్పుడు ఆయన మాట నమ్ముతున్నాను. కార్ల కోసం వెతికే కళ్లకు సన్నగా ఉండే బైక్ కనిపించదు. చూపు మన మీద పడుతుంది, మనం మాత్రం ఆ చూపులో పడం. అందుకే ఎదుటివాడి ముఖం ఎటు తిరిగిందో చూసి ధైర్యం తెచ్చుకోకండి. కారు ముందు చక్రాన్ని చూడండి. అది కదులుతోందంటే మీ చెయ్యి బ్రేకు మీదకు వెళ్లాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడినుంచి మొదలవుతుంది. రెండు వారాల తర్వాత, చెయ్యి మెడకు వేలాడదీసుకుని, బండి ఎలా ఉందో చూద్దామని మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. రెండు చక్రాలూ విప్పి పెట్టాడు. నా ఎడమచేతిలో ముందు బ్రేకు ప్యాడ్లు రెండూ పెట్టి, "బాబూ, బండి ఎంత తిరిగింది?" అన్నాడు. 24 వేల కిలోమీటర్లు అన్నాను.

"ఈ ప్యాడ్ల మధ్యలో గాడి చూడు. కొత్తవాటికి ఎంత లోతుంటుందో దాదాపు అంత ఉంది. వెనక బ్రేకు షూలు చూస్తావా? ఒకసారి మార్చానని నాకు గుర్తు. ఆ రెండో జతా అరిగిపోయింది. నువ్వు మూడేళ్లుగా పావు బ్రేకుతో బండి నడుపుతున్నావు."

నేను మాట్లాడలేదు. మా బాబాయి నేర్పిన పాఠం నా అరచేతిలో ఉంది. మూడేళ్లు రోజూ రెండుపూటలా ట్రాఫిక్‌లో తిరిగిన బండికి ముందు ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి.

పక్కనున్న వేరే బండిని తోసుకుంటూ వచ్చి, ముందు బ్రేకు పట్టి చూపించాడు ఆ పెద్దాయన. ముందు షాకులు (షాక్ అబ్జార్బర్లు) కిందికి దిగాయి, వెనకభాగం పైకి లేచింది. "బరువంతా ఎటు వచ్చింది?" అన్నాడు. అంతే విషయం. బస్సు ఆగేటప్పుడు నిలబడినవాళ్లంతా ముందుకు తూలినట్టే, బ్రేకు వేయగానే బండి బరువూ మన బరువూ ముందు చక్రం మీదకు వస్తాయి. ముందు టైరు రోడ్డుకు ఒత్తుకుని పట్టు పెంచుకుంటుంది. వెనక టైరు తేలికై, తొక్కీ తొక్కకముందే జారిపోతుంది. పొడి రోడ్డు మీద బండిని ఆపే శక్తిలో ఇంచుమించు 70 శాతం ముందు బ్రేకుదే అని సాధారణంగా చెప్తారు. వెనక ఇంకొకరు కూర్చుంటే వెనక బ్రేకు వాటా కొంత పెరుగుతుంది, అయినా పెద్ద పని ముందుదే. బండి తయారుచేసేవాళ్లు ముందు చక్రానికి పెద్ద డిస్కు, వెనక చిన్న డిస్కో డ్రమ్మో పెట్టేది ఇందుకే. అందం కోసం పెట్టారనుకున్నాను నేను.

చెయ్యి కట్టుతో ఇంట్లో ఉన్న రోజుల్లో దీని గురించి దొరికిందల్లా చదివాను. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 బైక్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. అందులో నా కథే ఉంది. ప్రమాదంలో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది వెనక బ్రేకు అతిగా తొక్కి చక్రాన్ని ఈడ్పించారు, ముందు బ్రేకు చాలినంత వేయలేదు. ప్రమాదం కనిపించినప్పటినుంచి ఏదైనా చేయడానికి వాళ్లకు దొరికిన సమయం సాధారణంగా రెండు సెకన్ల లోపే. 92 శాతం మంది సొంతంగానో ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. ఈ 92 అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ప్రపంచంలో ఎక్కడైనా బాబాయిలు ఒకటే పాఠం చెప్తున్నారన్నమాట.

లైసెన్సు పరీక్ష మీద నాకు కోపం అందుకే. నేనిచ్చిన పరీక్షలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పమన్నారు. తిప్పాను, ఇచ్చేశారు. ఫలానా వేగంలో వచ్చి ఈ గీత దగ్గర ఆపి చూపించు అని ఎవరూ అడగలేదు. ఎనిమిది అంకె ఆకారంలో ఏ ఆఫీసుకు వెళ్తాం? బండి నడపడం అంటే కదిలించడం కాదు, ఆపడం. ఆ ఒక్కటీ అడగకుండా రోడ్డు మీదకు వదిలేయడం తప్పు. ఈ మాట ఎవరితోనైనా అంటాను.

ఎముక అతికి, డాక్టరు సరేనన్నాక, ఆదివారాలు పొద్దున్నే ఖాళీ గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టాను. మా అమ్మ ఒంటరిగా పంపనంది. వచ్చి ఒక పక్కన నిలబడింది. నేను సుద్దతో గీత గీసి, 40లో వచ్చి, గీత దాటగానే బ్రేకు వేసేవాణ్ణి. గీతనుంచి బండి ఆగిన చోటి వరకు అమ్మ అంగలు లెక్కపెట్టి కాగితం మీద రాసేది. మొదట, పాత అలవాటు ప్రకారం కాలి బ్రేకుతోనే ఆపి చూపించాను. 26 అంగలు. రెండు బ్రేకులూ వాడిన మొదటి ఆదివారం 22. భయంభయంగా రెండు వేళ్లు ఆనించాను, అంతకంటే నొక్కలేకపోయాను. రెండో ఆదివారం 18. మూడో ఆదివారం 16. నాలుగో ఆదివారం 14. అదే బండి, అదే గ్రౌండు, అదే మనిషి. ఆ 12 అంగల తేడా చూశాక అమ్మ ఒకే మాట అంది: "ఆరోజు ఆ కారు ఎన్ని అంగల దూరంలో ఉందిరా?" నేను లెక్కేసుకోలేదని చెప్పాను. నిజానికి లెక్కేసుకున్నాను. ముందు బ్రేకు వాడి ఉంటే ఆగిపోయేవాణ్ణి, లేదా నడక వేగంలో వెళ్లి తగిలేవాణ్ణి.

ఎలా నొక్కాలో చెప్తాను, ఎందుకంటే బాబాయి భయంలో సగం నిజం ఉంది. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజి పట్టుకుంటే, బరువు ముందుకు రాకముందే చక్రం బిగుసుకుపోయి జారుతుంది. స్పాంజిని నొక్కినట్టు మొదలుపెట్టాలి. షాకులు కిందికి దిగుతున్నట్టు తెలిశాక బిగిస్తూ పోవాలి. ఇదంతా జరగడానికి అర సెకను కూడా పట్టదు, కానీ ఆ వరస ముఖ్యం. హ్యాండిలు తిన్నగా ఉండాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద, కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. బాబాయి పడింది అక్కడే. మలుపు రాకముందే వేగం తగ్గించుకుంటే ఆ అవసరం రాదు. వాన రోడ్డు మీద కూడా రెండు బ్రేకులూ వేయాలి, ఇంకాస్త మెత్తగా, ఇంకాస్త ముందుగా. రోడ్డు మీది తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే బాగా జారతాయి. వాటిమీద అసలు బ్రేకే వద్దు. కళ్లు మాత్రం అడ్డం వచ్చినదాని మీద పెట్టకండి, తప్పించుకునే ఖాళీ వైపు పెట్టండి. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది.

గ్రౌండులో మొదటిరోజే 40తో మొదలుపెట్టకండి. 20, తర్వాత 30. పొడి నేల, కంకర లేని చోటు, హెల్మెట్, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.

"నా బండికి ఏబీఎస్ ఉంది కదా" అని మీరు అనొచ్చు. చాలా మంచిది, ఉన్నదే కొనండి. బైకుల్లో ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మొదట 1988లో బీఎండబ్ల్యూ తన కే100 మోడల్‌కు తెచ్చింది, ఇప్పుడు చిన్న బండ్లకూ వస్తోంది. కానీ అది చేసే పని చక్రం బిగుసుకుపోకుండా చూడటం. మీ తరఫున లివరు పట్టుకోదు. పైగా చిన్న బండ్లలో చాలావాటికి ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది. అంటే కాలి బ్రేకు ఒక్కటే వాడేవాడికి అది ఉన్నా లేనట్టే.

ట్రాఫిక్‌లో రెండు వేళ్లు ఎప్పుడూ ముందు లివరు మీద ఆనించి ఉంచండి. 40లో వెళ్తున్న బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 60లో అయితే దాదాపు 17. పిడి వదిలి లివరు వెతుక్కునే అర సెకను మిగిల్చుకుంటే అయిదారు మీటర్లు మిగిలినట్టే. నెమ్మదిగా గేరు తగ్గించుకుంటూ ఆపేటప్పుడు కాలి బ్రేకు మీద కొంచెం పాదం ఆనించండి. ఇంజిన్ బ్రేకింగ్‌తో, అంటే బ్రేకు వేయకుండా గేర్లతోనే, వేగం తగ్గినా వెనక ఎర్ర లైటు వెలగదు, వెనకొచ్చేవాడికి మీరు ఆగుతున్నట్టు తెలియదు.

ఇక్కడ ఆఫీసులవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు సెలవు కింద రాసే పద్ధతి మనుషుల్ని రోడ్డు మీద తొందరపెడుతుంది. నేను పడ్డరోజు నా బుర్రలో కారు లేదు, వాన లేదు, తొమ్మిదిన్నర ఉంది. తడిసిన రెయిన్‌కోటు ఆరేసుకోవడానికి ఒక కొక్కెం ఉండదు, హెల్మెట్ పెట్టుకోవడానికి ఒక అర ఉండదు, దాంతో జనం వానలో రెయిన్‌కోటు లేకుండా, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని వస్తారు. మోచేతికి హెల్మెట్ కనిపిస్తే నాకు మనసు ఆగదు, సిగ్నల్ దగ్గర పక్కవాడికి చెప్పేస్తాను. హెల్మెట్ చావు ప్రమాదాన్ని 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్ష 2008లో తేల్చింది. అది తల మీద ఉంటేనే, పట్టీ పెట్టుకుంటేనే.

ఇంకో లెక్క వేసుకోండి. మీ 18 కిలోమీటర్లు సగటున 30 వేగంతో వెళ్తే 36 నిమిషాలు. ట్రాఫిక్‌లో దూరిదూరి సగటు 33 చేస్తే దాదాపు 33 నిమిషాలు. అంత టెన్షన్ పడి మిగుల్చుకునేది మూడు నిమిషాలు. పది నిమిషాలు ముందు బయల్దేరితే చాలు.

ఎదురుగా హై బీమ్ వేసుకొచ్చేవాళ్లతో, హెల్మెట్‌లో ఫోను దూర్చి మాట్లాడేవాళ్లతో మీకు రోజూ పని పడుతుంది. వాళ్లను మార్చలేరు, దూరం పెంచుకోండి. బండి సంగతి కొంతే: టైర్లలో గాలి పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చూడాలి, చైనుకు 500 కిలోమీటర్లకోసారి లూబ్ వేయాలి. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. లివరు పట్టుకుంటే మెత్తగా లోపలికి పోతోందంటే రెండేళ్లు ఆగొద్దు.

బస్సు సంగతి అడిగారు. నిద్ర చాలని రోజు, జ్వరం తగిలిన రోజు, కుండపోత వాన రోజు నేను ఇప్పటికీ బస్సే ఎక్కుతాను. అలాంటి రోజున బండి తీసి ఎవరికీ నిరూపించాల్సింది లేదు. మిగతా రోజుల్లో బైక్ మీద వెళ్లడం నాకు ఇష్టం. సాయంత్రం గాలి ముఖానికి తగులుతుంటే ఆఫీసు ఆఫీసులోనే ఉండిపోతుంది. అది వదులుకోమని మీకు చెప్పను.

పోయిన నెల సర్వీసింగులో నా ముందు ప్యాడ్లు మార్చారు. గాడి పూర్తిగా అరిగిపోయింది. వెనకవి ఇంకా ఉన్నాయి. ఆ పాత ప్యాడ్లు పారేయకుండా ఇంటికి తెచ్చి మా బాబాయికి చూపించాను. చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. ఇప్పుడు ఆయనా ఆదివారం గ్రౌండుకు వస్తున్నాడు. మొన్న 19 అంగల్లో ఆపాడు.

మీ నాన్నగారితో వాదించకండి. ఆయన్ని గ్రౌండుకు తీసుకెళ్లండి, సుద్దముక్క, కాగితం, పెన్ను ఆయన చేతికివ్వండి. మొదట కాలి బ్రేకుతో మెల్లగా ఆపి చూపించి, లెక్క రాయమనండి. తర్వాత నాలుగు ఆదివారాలు రెండు బ్రేకులతో. ఆయన రాసిన చివరి అంకె మొదటి అంకెలో సగానికి దగ్గరగా వస్తే, ఆ మర్నాడు సోమవారం ఆఫీసుకు బండి తీయండి. రాకపోతే ఇంకో రెండు ఆదివారాలు గ్రౌండుకు వెళ్లండి, అప్పటిదాకా ఆఫీసుకు బస్సులో వెళ్లండి.